పెరట్లో ఆగిపోయిన పాత కారుకు ధర కట్టడం ఎలా?

తణుకు దగ్గర ఒక రైస్ మిల్లు గోడౌన్‌లో ఆగిపోయిన అంబాసిడర్‌ను చూడమని మా పెద్దమ్మగారి అబ్బాయి పిలిచాడు. 1967 బండి. ఊక దుమ్ము అంగుళం మందాన పేరుకుంది, వెనక సీటులో ఎలుకల కాపురం. "ఒరేయ్ తమ్ముడూ, ఒకడు వచ్చి అరవై వేలంటాడు. హైదరాబాద్ నుంచి ఇంకొకడు ఫోన్లోనే మూడున్నర లక్షలంటాడు. ఇద్దర్లో ఎవడు నన్ను మోసం చేస్తున్నాడ్రా?" అని అడిగాడు అన్నయ్య.

ఇద్దరూ మోసం చేయడం లేదని తేలడానికి మాకు రెండు రోజులు పట్టింది. మొదటివాడు ఇనుమునీ సామాన్లనీ లెక్కేశాడు, రెండోవాడు కారును లెక్కేశాడు. ఆ రెండు రోజుల్లో ఏం చూశామో, ఏ వరుసలో చూశామో కింద రాస్తున్నాను. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి మన పాత బండ్లకు ఇది సరిపోతుంది. రాజావారి రోల్స్ రాయిస్ మీ చేతికొస్తే మాత్రం ఈ వ్యాసం పక్కన పెట్టి, అలాంటివి అమ్మిపెట్టే వేలం సంస్థ మనిషిని పిలిపించుకోండి.

ముందుగా: కడగొద్దు, స్టార్ట్ చేయొద్దు

అందరూ చేసే మొదటి పని, చేయకూడని పని ఇదే. కొనేవాళ్లు వస్తున్నారని సర్ఫ్ వేసి తోమేస్తారు. దానితో పాత రంగు పొరలు లేచిపోతాయి, స్టిక్కర్లు ఊడిపోతాయి, ఎన్నేళ్లుగా కదలకుండా ఉందో చెప్పే గుర్తులన్నీ నీళ్లలో కలిసిపోతాయి. నాకు తెలిసినాయన ఒకరు ఫియట్ అమ్మే ముందు టింకరింగ్ షెడ్డుకు పంపి ఎర్రగా మెరిసేలా రంగు వేయించారు. కొందామని వచ్చిన కుర్రాడు డోరు తెరిచి లోపలి అంచున మిగిలిన లేత నీలం రంగు చూసి, "ఇదే ఉంచాల్సింది సార్" అని వెళ్లిపోయాడు. రంగుకి పెట్టిన డబ్బూ పోయింది, రంగు లేకపోతే వచ్చే డబ్బూ పోయింది.

బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం ఇంకా ప్రమాదం. ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటుకుని ఉంటాయి, పెట్రోల్ ట్యాంకు అడుగున తుప్పు పొట్టు ఉంటుంది. ఒక్క సెల్ఫ్‌తో వేలల్లో నష్టం జరగొచ్చు.

చేయాల్సింది ఫోటోలు తీయడం. బండి ఉన్నచోట ఉన్నట్టుగా, దుమ్ముతో సహా. నాలుగు మూలలు, కింద భాగం, బానెట్ లోపల, డిక్కీ లోపల, డ్యాష్‌బోర్డు, మీటరు రీడింగు, నంబర్ ప్లేటు. అరవై డెబ్బై ఫోటోలు తీసినా ఎక్కువ కాదు.

ఇది నిజంగా ఏ కారు?

నవ్వొస్తుంది గానీ ఇక్కడే ఎక్కువ మంది తప్పులో కాలేస్తారు. పాత ఫియట్ ఆకారం కనబడితే చాలు, మనవాళ్లు దాన్ని "పద్మిని" అంటారు. "1965 పద్మిని అండీ" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో తెచ్చింది ఫియట్ 1100 డిలైట్. 1972లో అది ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచే పద్మిని. కాబట్టి ఆ బండి 1965 డిలైట్ అయినా అయ్యుండాలి, లేదా వేరే బండికి 1965 కాగితాలు తగిలించి అయినా ఉండాలి. మొదటిదైతే మీకు లాభం, రెండోదైతే కేసు. డిలైట్ కంటే ముందొచ్చిన బొద్దు ఫియట్లను బొంబాయిలో "డుక్కర్" ఫియట్ అంటారు, అంటే పంది అని. పేరు ఎలా ఉన్నా, వాటికి అభిమానులు ఎక్కువ.

అంబాసిడర్ 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో మొదలై 2014లో ఆగింది. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దీనికి మూలం. మొదటి బండ్లలో 1,476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్, 1959 నుంచి 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ వచ్చాయి. 1963 ప్రాంతంలో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4. మార్క్ 2కి చిన్న చిన్న గళ్ల గ్రిల్ ఉంటుంది, మార్క్ 3కి అడ్డగీతల గ్రిల్. పాత గ్రిల్ విరిగితే దొరికింది తగిలించుకోవడం మనకు అలవాటు కనుక 1967 బండికి మార్క్ 3 ముఖం కనబడినా కంగారు పడక్కర్లేదు. ధర మాత్రం తగ్గించాలి.

"వింటేజ్" అన్న మాట గురించి కూడా ఇక్కడే. ఇంగ్లండ్‌లో కారు ప్రియులు 1919 నుంచి 1930 దాకా తయారైనవాటినే వింటేజ్ అంటారు. మన చట్టం వేరు. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ఇచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని టూ వీలర్, ఫోర్ వీలర్ వింటేజ్ కిందికి వస్తాయి. అయితే చాసిస్ (బండి బరువు మోసే కింది చట్రం), బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. బాగుచేయించని బండికి ఈ షరతు వరం లాంటిది.

కాగితాలు: సగం ధర ఇక్కడే

నేనైతే బండి కంటే ముందు ఆర్సీ అడుగుతాను. అది పాత పుస్తకం రూపంలో, చివికిపోయి ఉన్నా సరే. అందులో చూడాల్సినవి: ఓనరు పేరు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధనం, రంగు, ఎన్ని చేతులు మారింది.

తర్వాత బండి దగ్గరకెళ్లి నంబర్లు సరిచూడాలి. చాసిస్ ప్లేటు బానెట్ కింద, ఇంజిన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది. దుమ్ము పట్టి కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. ఆర్టీఓ ఆఫీసు దగ్గర ఏజెంట్లు చేసేది ఇదే. ప్లేటు రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలు ఉన్నా నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంజిన్ నంబరు తేడా మనవైపు మామూలు సంగతి. పెట్రోల్ ధర భరించలేక ఎన్నో అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్ వేయించారు. ఆర్సీలో ఆ మార్పు ఎక్కితే బండి చట్టబద్ధమే, కానీ పాత బండ్లు సేకరించేవాళ్లకు అక్కర్లేదు, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కూ ఇబ్బందే. ఆర్సీలో ఎక్కకపోతే అటు రోడ్డుకూ పనికిరాదు, ఇటు షోకూ పనికిరాదు.

ఓనరు చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలు కావాలి. మామూలు అమ్మకానికి ఫారం 29, 30. వారసత్వంగా పేరు మార్చుకోవడానికి ఫారం 31. రాష్ట్రం దాటాలంటే ఫారం 28 మీద ఎన్‌ఓసీ. 2014 విభజన తర్వాత ఇది మనకు నిత్య సమస్య అయింది. ఒకప్పుడు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండి ఇప్పుడు రాజమండ్రిలో ఉంటే రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగాలి. పాత నంబరు ఆన్‌లైన్‌లో కనబడకపోతే, ఆఫీసు రిజిస్టరు వెతికించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించడం) చేయించుకోవాలి. ఆ పని అమ్మేవాళ్లు చేసిపెడితే ఒక ధర, మన నెత్తిన వేస్తే ఒక ధర.

50 ఏళ్లు దాటిన బండికి ఇంకో దారి వింటేజ్ రిజిస్ట్రేషన్. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయల ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత తిరిగి చేయించడానికి 5,000. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని అక్షరాలు వస్తాయి. మెలిక ఏమిటంటే, ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి లేదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు పోయించుకోవడం, మెయింటెనెన్స్ లాంటి అవసరాలకే రోడ్డెక్కాలి. ఆదివారం సరదాగా నడుపుకుందామని కొనేవాడికి ఈ దారి నచ్చకపోవచ్చు, కనుక ధర అడిగే ముందు కొనేవాడు ఎలాంటివాడో తెలుసుకోండి.

1989కి ముందరి మూడక్షరాల నంబరు ప్లేటు ఉంటే దాన్ని ఊడదీయకండి. పాత బండి మీద పాత నంబరు ఉంటే చూసేవాడికి కళ్లు మెరుస్తాయి.

అసలు ఆర్సీనే లేకపోతే? ఎంత బాగున్నా దాన్ని సామాన్ల బండిగానే లెక్కేస్తాను.

తుప్పు వేట

అయస్కాంతం, టార్చి, చిన్న స్క్రూడ్రైవర్, కింద పరుచుకోవడానికి గోనెసంచి. ఇవి చాలు. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పోతే, పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టు.

పైపైన ఎర్రగా కనబడే తుప్పుకు భయపడక్కర్లేదు. పొరలు పొరలుగా లేచేది, వేలితో నొక్కితే కరకరమనేది ఖరీదైన తుప్పు. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకని డోర్ల కింద అడ్డంగా పోయే సిల్లు, కాళ్ల కింద నేల, జాకీ పెట్టే చోటు, వెనక స్ప్రింగు పట్టీలు బిగించిన చోటు ముఖ్యం. అంబాసిడర్‌లో స్టెప్నీ ఉండే డిక్కీ అడుగు అరను తెరిచి చూడండి, నీళ్లు నిలిచేది అక్కడే. జాకీతో ఒక పక్క లేపినప్పుడు అంతకుముందు బాగా పడిన డోరు ఇప్పుడు పట్టేస్తుంటే నడుం విరిగిన బండి అన్నమాట.

స్టాండర్డ్ హెరాల్డ్ కథ వేరు. మద్రాసులో తయారైన ఈ బండికి కింద విడి చాసిస్ ఉంటుంది, పైన బాడీ ముక్కలు బోల్టులతో బిగిస్తారు. కాబట్టి పైన తుప్పున్నా చాసిస్ గట్టిగా ఉంటే ఆశ ఉంటుంది. ముందుకు తెరుచుకునే ఆ పెద్ద బానెట్ మాత్రం సొట్టల్లేకుండా ఉందో లేదో చూడాలి. అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

బండి ఎక్కడ బతికిందో కూడా అడగండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. అనంతపురం, కర్నూలు ఎండ రబ్బరునూ సీట్లనూ తింటుంది గానీ రేకును వదిలేస్తుంది. సీట్లు కుట్టించుకోవచ్చు కనుక నా ఓటు రాయలసీమ బండికే. తణుకు బండిలో మాకు ఎదురైంది ఊక. సిల్లుల్లోకి దూరి, తేమ పట్టి, ఎడమ పక్క రెండు చోట్ల చిల్లులు పెట్టింది. కుడి పక్క మాత్రం గట్టిగానే ఉంది.

కంపెనీ పెయింటు మిగిలిందా?

ఓపిక పెట్టాల్సిన చోటు ఇదే, ఎందుకంటే బాగుచేయించని బండికి అదనంగా వచ్చే విలువంతా ఇక్కడ ఉంది. తుప్పు పట్టిన రేకు మార్చొచ్చు, ఇంజిన్ బోరు కొట్టించొచ్చు. కంపెనీలో పడిన రంగును మాత్రం రెండోసారి వేయించలేం.

డోరు అంచులు, డిక్కీ మూత లోపల, కార్పెట్ కింద, డ్యాష్‌బోర్డు వెనక చూడండి. అక్కడి రంగు, బయటి రంగు ఒకటేనా? కిటికీ రబ్బరు బీడింగు మీద రంగు తుంపరలు పడ్డాయా? పడితే తర్వాత వేయించినదే. ఒక పక్క ఫెండర్ మాత్రమే మళ్లీ వేయించి, మిగతాది పాతది ఉంటే అదేమీ పెద్ద మచ్చ కాదు. యాభై ఏళ్లలో ఒక్క లారీ అయినా రాసుకోకుండా ఉంటుందా?

తర్వాత ఒక నోటుబుక్కులో వస్తువుల పద్దు రాయండి. హెడ్‌లైట్లు, గ్రిల్, మోనోగ్రాములు (బండి పేరుండే లోహపు గుర్తులు), వీల్ క్యాపులు, డోరు హ్యాండిళ్లు, స్టీరింగు, స్టీరింగు గేరు కడ్డీ, మీటర్లు, అద్దాల మీద కంపెనీ గుర్తులు, సీట్ల రెక్సిన్, పైకప్పు గుడ్డ, డైనమో, కార్బ్యురేటరు. ఒక్కోదాని పక్కన "సొంతది", "తర్వాతది", "లేదు" అని మూడింట్లో ఒకటి. చిరిగినా సొంత సీటు సొంత సీటే. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో తీసి కొత్తరకం ఆల్టర్నేటర్ వేసి ఉంటే, పాత డైనమో ఎక్కడో మూల పడుందా అని అడగండి.

అంబాసిడర్, ఫియట్‌ల ఇంజిన్ సామాను వెతికితే దొరుకుతుంది. దొరకనివి చిన్న చిన్న మెరుపు వస్తువులు. మార్క్ 1 మోనోగ్రాము, డుక్కర్ ఫియట్ టెయిల్ ల్యాంపు గాజు లాంటి వాటి కోసం నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు. అందుకే కొత్త పిస్టన్లు వేయించిన బండి కంటే అన్ని బీడింగులూ ఉన్న జామైన బండికే నేను ఎక్కువ ఇస్తాను.

"ఇదంతా మరీ చాదస్తం, ఎవడిస్తాడు డబ్బు?" అంటారా? అమెరికాలో పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శనలో ఏళ్ల తరబడి అద్దంలా మెరిసే బండ్లకే పెద్ద బహుమతి ఇచ్చేవారు. 2024లో మొదటిసారి, రెస్టోర్ చేయకుండా కాపాడిన 1934 బుగాటీ టైప్ 59 స్పోర్ట్స్‌కు ఆ బహుమతి వచ్చింది. అంతకుముందు 2015లో, ఫ్రాన్స్‌లో పాత షెడ్ల కింద దొరికిన బాయొ కుటుంబం కార్లను దుమ్ము దులపకుండానే వేలం వేస్తే, పాత పత్రికల కట్టల కింద పడి ఉన్న ఒక ఫెరారీ 1.63 కోట్ల యూరోలు పలికింది. మన అంబాసిడర్‌కు ఆ స్థాయి రాదు గానీ, ఆ గాలి ఇక్కడికీ వచ్చింది.

ఇంజిన్

దీనికి ఎక్కువ చెప్పను. మెకానిక్‌తో ప్లగ్గులు విప్పించి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిలు పోయించి, రెండు మూడు రోజులు ఆగి, ముందు నుంచి హ్యాండిల్ వేసి చేత్తో తిప్పి చూడండి. తిరిగితే సంతోషం. తిరగకపోతే పూర్తి ఓవర్‌హాల్ ఖర్చు లెక్కలో రాసుకోండి. రేడియేటర్‌లో నీళ్ల మీద ఆయిలు తెట్టు, బ్లాకు పక్కన పగులు ఉన్నాయా చూడాలి. బ్రేకు సిలిండర్లు, పైపులు, టైర్లు, వైరింగు ఎలా ఉన్నా కొత్తవి వేయాల్సిందే, కాబట్టి వాటిని చూస్తూ టైం వేస్టు చేయకండి.

ఇప్పుడు అంకెలు

విదేశాల్లో పాత కార్లకు గ్రేడులతో ధరల పుస్తకాలున్నాయి. మన బండ్లకు మనమే కూడబెట్టుకోవాలి. అమ్మకానికి పెట్టిన ప్రకటనలు పది చూసి సగటు కడితే పొరపాటు, అవి అడిగే ధరలు. అమ్మాక ఎంత చేతికొచ్చిందో కనీసం ఇద్దరు ముగ్గురు ఓనర్లను అడగండి. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, చెన్నైల్లో పాత కార్ల ర్యాలీలు జరుగుతుంటాయి. అక్కడ ఒక పూట తిరిగితే ఇంటర్నెట్‌లో నెల రోజులు వెతికినంత తెలుస్తుంది.

ఇక మూడు లెక్కలు విడివిడిగా వేయాలి. తణుకు బండికి మేం వేసుకున్న అంకెలు ఇస్తున్నాను. మీ ఊరి షెడ్డు రేట్లు, మీ బండి రకం వేరు గనుక పద్ధతి మాత్రమే తీసుకోండి.

ఒకటి, సామాన్ల లెక్క. టన్నుకు పైగా ఇనుము, పనికొచ్చే విడి భాగాలు కలిపి 60,000. ఇంతకంటే తక్కువకు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అన్నయ్య దగ్గరికి మొదట వచ్చినవాడి అంకె ఇదే.

రెండు, పూర్తిగా కొత్తగా చేయిస్తే. అలా తయారైన బండి 6 లక్షలు పలుకుతుందనుకున్నాం. టింకరింగ్, పెయింటింగుకు 2.5 లక్షలు, ఇంజిన్‌కు 80,000, సీట్లకు 50,000, లేని వస్తువులకు 60,000. మొత్తం 4.4 లక్షలు. పాత బండి విప్పాక అనుకున్న ఖర్చులో ఆగిన దాఖలా నేను చూడలేదు, కనుక నాలుగో వంతు కలిపితే 5.5 లక్షలు. మిగిలేది 50,000. అంటే ముక్కలుగా అమ్మితే వచ్చేదాని కంటే తక్కువ! చాలామంది ఇక్కడే లెక్క ఆపేసి బండిని తూకానికి వేసేస్తారు.

మూడు, ఉన్నది ఉన్నట్టు కాపాడితే. రంగు, సీట్లు ముట్టుకోకుండా సిల్లు చిల్లులకు అతుకు వేసి, బ్రేకులు, వైరింగు, టైర్లు, పెట్రోల్ లైను సరిచేస్తే 1.2 లక్షలు. నాలుగో వంతు కలిపితే 1.5 లక్షలు. అలాంటి బండికి 5 లక్షలు ఇచ్చేవాడు ఉన్నాడనుకుంటే మిగిలేది 3.5 లక్షలు. హైదరాబాద్ వాడి అంకె ఇది.

ఈ మూడో లెక్క ఎప్పుడు వేయొచ్చు? కంపెనీ పెయింటు సగానికి పైగా నిలిచి, నంబర్లు కలిసి, ఆర్సీ ఉన్నప్పుడే. వీటిలో ఒక్కటి లేకపోయినా రెండో లెక్కకు జారండి. ఆర్సీ లేకపోతే మొదటి లెక్కే. తణుకు బండికి మూడూ ఉన్నాయి, కానీ ఇంజిన్ తిరగలేదు. అందుకని 80,000 తగ్గించి, సుమారు 2.5 నుంచి 2.8 లక్షల మధ్య అని రాసుకున్నాం. ఒకే అంకె కాకుండా ఇలా కింది ధర, పై ధర రాసుకోవడం మంచిది. తేదీ కూడా వేయండి, ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి.

కథకు ఎంత? ఫలానా నాయకుడు ఎక్కిన బండి, ఫలానా సినిమాలో కనబడిన బండి అని అందరూ చెబుతారు. ఆర్సీలో పేరో, నంబరు ప్లేటు కనబడే పాత ఫోటోనో, కొన్నప్పటి బిల్లో చూపిస్తే పై ధర వైపు వెళ్లండి. లేకపోతే టీ తాగుతూ వినండి, లెక్కలో మాత్రం కలపకండి.

బేరం కుదిరాక

బయానా ఇచ్చేటప్పుడే పేరు మార్పు ఖర్చు ఎవరిదో కాగితం మీద రాసుకోండి. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండి అయితే కొన్న 90 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్‌లో ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీతో మాట్లాడుకుని ఒప్పుకునేదే, పట్టిక ప్రకారం వచ్చేది కాదు. మీరు తీసిన ఫోటోలు, వస్తువుల పద్దు అక్కడ పనికొస్తాయి.

బండి ఎత్తే ముందు అటక మీద వెతికించండి. తణుకులో అలా ఒక పాత డాల్డా డబ్బా దొరికింది. అందులో రెండు వీల్ క్యాపులు, డిక్కీ తాళంచెవి, రోడ్ ట్యాక్స్ రశీదులు, 1967 నాటి బిల్లు ఉన్నాయి. డబ్బా దొరికాక అన్నయ్య ధర ఇంకో ఇరవై వేలు పెంచాడు, నేనే పెంచమన్నాను. కొనేవాళ్లు మీరైతే ఆ డబ్బా సంగతి బయానాకు ముందే అడగండి. లారీ బయల్దేరాక ఫోన్ చేసి అడిగితే "చూస్తాం లెండి" అంటారు, అంతే.